ఓదార్పు పూర్తయ్యేదాకా

"ఇకమీదట ఎవరి దుఃఖాన్నీ వాళ్ళ ఖర్మానికి వదిలేసే ప్రసక్తే లేదు! దుఃఖం ఎక్కడుంటే ప్రభుత్వం అక్కడికే నడిచొస్తుంది!"

ఇలా మైకులో ప్రకటించి, ఓదార్పు అధికారిగారు చప్పట్ల కోసం ఆగారు. రాలేదు. హాల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా కిందటి వారం బట్టల ఫ్యాక్టరీ తగలబడినప్పుడు తమ మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు. చప్పట్లు కొట్టకపోవడం దిగ్భ్రాంతికి లక్షణమని శిక్షణలో చెప్పారు కాబట్టి ఆయన నొచ్చుకోలేదు.

మానసిక ప్రథమ చికిత్సలో ఆయన సామాన్యుడు కాదు. ఒక పూటంతా శిక్షణ పొందారు, మధ్యలో టీకి కూడా లేవలేదు! సాయంత్రం మంత్రిగారు పరామర్శకు వస్తారు. ఆయన వచ్చేసరికి జనం కుదుటపడి ఉండాలి. అలాగని మరీ కుదుటపడకూడదు, కెమెరాల ముందు కాస్త కంటతడి కనిపించాలి. ఆ మోతాదు కుదిరితే అధికారిగారికి ప్రమోషన్ ఖాయం.

"మీ మనసులో ఏముందో మొహమాటపడకుండా చెప్పండమ్మా."

ముందు వరుసలో ఒకావిడ లేచింది. ఆమె చెల్లెలు ఆ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. తల్లి పోయాక తన చేతులతో పెంచిన చెల్లెలు.

"గేటుకు తాళం ఎందుకేశారు సార్? మా చెల్లి గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. అక్కడే పోయింది. తాళం ఎవరు వేయమన్నారు?"

"కోపం!" అన్నారు అధికారిగారు, జబ్బు కనిపెట్టిన డాక్టరంత సంతోషంగా. "చాలా మంచిదమ్మా. రావాలి. వచ్చి పోవాలి. ఊపిరి గట్టిగా పీల్చండి."

"పీలుస్తాను. తాళం ఎవరు వేయమన్నారు?"

"ఇప్పుడు నెమ్మదిగా వదలండి."

ఊపిరి వదిలింది గానీ, ప్రశ్న మాత్రం వదల్లేదు. మళ్ళీ అడిగింది. అధికారిగారు ఆప్యాయంగా ఆమె భుజం తట్టబోయి, ముట్టుకోవద్దని శిక్షణలో చెప్పిన సంగతి గుర్తొచ్చి, అదే చేత్తో మంచినీళ్ళ సీసా అందించారు.

"చూడమ్మా, ఎవరు, ఎందుకు అనే ప్రశ్నలు గాయాన్ని కెలుకుతాయి. వాటి జోలికి పోకూడదు."

"గాయం నాది కదండీ. మీకెందుకు నొప్పి?"

వెనక వరుసల్లో ఇద్దరు ముగ్గురు లేచి గుమ్మం వైపు నడిచారు. అధికారిగారు పరుగున అడ్డం వెళ్ళారు. కుర్చీలు ఖాళీ అయితే మంత్రిగారు ఎవరిని ఓదారుస్తారు? వాళ్ళను బతిమాలి కూర్చోబెట్టి, అటెండరు చెవిలో చెప్పారు:

"ఒక్కరు కూడా బయటికి పోకూడదు. బయటినుంచి తాళం వేసెయ్. మంత్రిగారి కారు కనబడ్డాకే తియ్యి."

తాళం పడింది. ఓదార్పు నిరాటంకంగా సాగింది.

కాసేపటికి వేదిక వెనక, మంత్రిగారి కోసం పెట్టిన పెద్ద లైట్ల వైరు చిటపటలాడి పొగ లేచింది. అందరికంటే ముందు కేక వేసింది అధికారిగారే! వేదిక మీంచి దూకి, కుర్చీలు తన్నుకుంటూ వెళ్ళి, తలుపును రెండు చేతులా బాదారు.

"తియ్యండ్రోయ్! తాళం ఎందుకేశారు? ఎవడు వేయమన్నాడు?"

"మీరేగా సార్!" అన్నాడు బయటినుంచి అటెండరు, వినయంగా. "కారింకా రాలేదు!"

ఈలోగా ఎవరో వైరు పీకేశారు. పొగ ఆగింది. ఆవిడ మెల్లగా తలుపు దగ్గరికొచ్చింది.

"మా చెల్లి కూడా ఇలాగే అడిగుంటుంది సార్," అంది. ఆ దుర్ఘటన జరిగాక ఆమెకు ఏడుపు రావడం అదే మొదలు. గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడొచ్చింది కారు. తాళం తీశారు. గుమ్మంలో మంత్రిగారు, ఆయన వెనక కెమెరాలు. ఎదురుగా చెమటతో తడిసి ముద్దయి, గజగజ వణికిపోతున్న మనిషి! మంత్రిగారు ఆయన్ని అమాంతం గుండెకు హత్తుకున్నారు. కెమెరాలు టకటకలాడాయి.

"ఊరుకోండి, ఊరుకోండి. మేమున్నాం. మీవాళ్ళెవరు పోయారు?"

అధికారిగారు ఆ కౌగిలి విడిపించుకోబోయారు.

"ఆయనవాళ్ళెవరూ పోలేదండీ," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "తాళం వేయించింది ఆయన."