తెల్ల కర్టెన్లు, వేడి గరిజెలు

ఆ పొద్దున వందన వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారిని మొదటి బస్సుకు బీర్కూర్‌లోని ఆడబిడ్డ ఇంటికి పంపాలి. హాల్లోని యూరియా బస్తాలు వెనక రేకుల షెడ్డులోకి చేరాలి. మధ్యాహ్నానికి ఆ హాలు ఫోన్‌లో చూసిన ఇళ్లలా తెల్లగా, ఖాళీగా, గాలి ఆడేలా తయారవ్వాలి. నిజామాబాద్ నుంచి రోజారాణి అనే ఆమె వచ్చి హాలునూ, వందన చేసే గరిజెలనూ, అంటే కజ్జికాయలనూ, వీడియో తీసి తన చానల్లో పెడుతుంది. అంతే. ఇందులో చావు ప్రసక్తి ఎక్కడా లేదు.

వందన మొగుడు పండరి మంచివాడే. కాకపోతే హాలు అనే మాట వినగానే అతనికి గోదాము గుర్తొస్తుంది. పెళ్లయిన నాటి నుంచీ వందన ఆ బస్తాల మధ్య చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకునే నడుస్తోంది. చుట్టాలొస్తే యూరియా మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాల్సిందే. ఏడ్చి, అలిగి, రెండు పూటలు వంట మానేశాక పండరి ఒక మెట్టు దిగి షరతు పెట్టాడు.

"ఒక్క ఆర్డర్ రావాలె. నీ హాలు సూసి, నీ గరిజెలు తిని ఒక్కలన్న మాకు గావాలంటే హాలు నీది. ఇయ్యాల రాలేదనుకో, పొద్దుగూకేసరికి బస్తాలు మళ్ల లోపటికే. ఇగ జిందగీల కర్టెన్ల ముచ్చట తీయొద్దు."

అత్తగారు భూమవ్వను పంపడానికి కారణం ఉంది. ఇంట్లో తెల్లబట్ట కడితే ఆమె ఊరుకోదు. "పండుగకు కడతరా, పాడెకు కడతరా?" అని వీధి వినేలా అడుగుతుంది. గేటు పక్క గద్దె మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లందరినీ పలకరించడం, అంటే తిట్టడం, ఆమెకు రోజూ పొద్దున ఉండే పని. కానీ రోజారాణి ఏమో వీడియోకు "అవ్వ చేతి రుచి" అని పేరు పెట్టింది. అందుకని అవ్వ లేకపోయినా గోడ మీద అవ్వ ఫొటో ఉండాలి, అదీ పెద్దగా, పాత కాలపు నలుపు తెలుపుల్లో. దాని కింద ఇత్తడి దీపం, ఒక గిన్నె నీళ్లలో చామంతి రేకులు. వందనకు అది కళ్ల నిండుగా కనిపించింది. ఇంకెవరికైనా ఎలా కనిపిస్తుందో ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

ఫొటో స్టూడియో దయానంద్ ఫ్రేము పట్టుకుని వచ్చేసరికి ఇంటి ముందు కుర్చీలన్నీ వరసగా వేసి ఉన్నాయి, లోపల కడగాలి కనుక. గేటు దగ్గర కట్టెల మోపులు దిగి ఉన్నాయి, కట్టెల పొయ్యి వీడియోలో బాగుంటుందని రోజారాణి చెప్పింది కనుక. కిటికీలకు, దీవాను మీద అన్నీ తెల్లబట్టలే. గద్దె మీద భూమవ్వ లేదు. బస్తాలు మోసిమోసి, ఆ దుమ్ముకు ఎర్రబడిన కళ్లు తుడుచుకుంటూ పండరి బయటికి వచ్చాడు. నలుపు తెలుపుల్లో అంత పెద్ద ఫొటో ఎందుకు కట్టించారో దయానంద్‌కు అప్పుడు అర్థమైంది. అలాంటి ఇంటి ముందు నిలబడి ఎవరు పోయారని అడగడం పద్ధతి కాదు. అతను పద్ధతి తెలిసినవాడు, అడగలేదు. దగ్గరికి వెళ్లి పండరి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ధైర్యంగ ఉండు అన్నా. మన చేతుల ఏమున్నది?"

"నా చేతులైతే ఏం లేదు తమ్మీ. అంతా ఆమె ఇష్టమే. పొద్దటి సంది నడుం ఇరిగింది," అన్నాడు పండరి.

దయానంద్ స్టూడియోకు వెళ్లి, అదే ఫొటోకు రెండు పక్కలా దీపాలు పెట్టి, "భూమవ్వ గారికి కన్నీటి నివాళి" అని రాసి ఊరి వాట్సాప్ గ్రూపులో వేశాడు. ఆ గ్రూపులో బాలకృష్ణ ఉన్నాడు. రాబోయే ఎన్నికల్లో కౌన్సిలర్ కావాలని తిరుగుతున్న మనిషి. పోయింది ఎవరన్న దానికంటే ఫ్లెక్సీ కట్టడానికి ఏ చౌరస్తాలో జాగా ఉందన్నది అతనికి ముఖ్యం. టీ చల్లారేలోగా ఫ్లెక్సీ తయారైంది.

పక్కింటి గంగుబాయికి భూమవ్వతో మాటల్లేవు. మోరీ, అదే మురుగుకాలువ, నీళ్ల దగ్గర మొదలైన లొల్లి అది. అయినా గ్రూపులో కబురు చూసి, చావు దగ్గర పగ పెట్టుకోకూడదని, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా అని, ఒక గిన్నెలో ఉప్మా, ఫ్లాస్కులో చాయ్ పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయలుదేరింది. గేటు దాటగానే ఆగిపోయింది. చావు జరిగిన ఇంట్లో కడాయి పెట్టరు. ఈ ఇంట్లో వాకిట్లోనే ఇంత పెద్ద కడాయి పెట్టి, కోడలు కూనిరాగం తీస్తూ గరిజెలు వేయిస్తోంది.

"ఏందే వందనా గిది?"

"గరిజెలు అక్కా. లోపట కొబ్బరి, బెల్లం, నువ్వులు. వేడిగున్నయ్, ఒకటి తిను."

"మీ అత్త..."

"అత్తమ్మ ఉంటే గివన్ని చెయ్యనిస్తదా? చీకటితోనే పంపించేసినం. ఇగ ఇల్లంత సాఫ్!"

"చీకటితోనేనా? ఎవలకు చెప్పకుంటనా?"

"చెప్తె పోతదా అక్కా? ఏం తెల్వనియ్యకుండ మెల్లగ పంపాల్సి వచ్చింది."

గంగుబాయి గిన్నె, ఫ్లాస్కు అక్కడే వదిలేసింది. వీధిలోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. "ఓ అమ్మల్లారా! అత్త పోయిన పూటనే కడాయి పెట్టింది, గరిజెలు చేస్తుంది! ఏం తెల్వనియ్యకుండ పంపించిందంట! ఆ నోటితోనే చెప్పింది!" అంది. పరామర్శకు నలుగురు వచ్చే చోటికి ఆ దెబ్బతో వీధి వీధంతా వచ్చింది. కోడలికి దుఃఖంతో మతి పోయిందని సగం మంది, సంతోషంతో పోయిందని సగం మంది. మతి పోయిందన్న దగ్గర అందరిదీ ఒకే మాట.

వందన అంతమందిని చూసి, వీడియో సంగతి మొగుడే అందరికీ చెప్పాడనుకుని పొంగిపోయింది. పేరుపేరునా కుర్చీలు చూపించి పళ్లేలు అందించింది. మొదట ఎవరూ ముట్టలేదు. అప్పుడు ఒక పెద్దావిడ, "తినకపోతే పోయినామె మనసు బాధపడ్తది," అని దారి చూపించింది. ఆ తర్వాత భూమవ్వ మనసుకు ఎవరూ ఏ లోటూ రానివ్వలేదు.

సరిగ్గా అప్పుడే రోజారాణి వచ్చి కెమెరా తీసింది. ఎదురుగా గంగుబాయి, నోట్లో గరిజ, కళ్ల నిండా నీళ్లు.

"ఎట్లున్నదమ్మా?" అని అడిగింది రోజారాణి.

"ఏం చెప్పాలె బిడ్డా! బంగారమసొంటి మనిషి. ఒక్కనాడు ఒక్క మాట అనకపాయె," అని గంగుబాయి వెక్కిళ్లు పెట్టింది. రోజారాణి పులకించిపోయింది. ఎన్నో ఇళ్లలో పిండివంటలు వీడియో తీసింది గానీ తిన్నవాళ్లు ఏడ్చిన ఇల్లు ఆమెకు ఇదే మొదలు.

ఇంతలో బాలకృష్ణ తన మనుషులతో వచ్చి, ఎవరి వైపూ చూడకుండా నేరుగా హాల్లోకి నడిచి, గోడ మీది ఫొటోకు నిలువెత్తు గులాబీ దండ వేసి, కెమెరా ఎటుందో చూసుకుని మరీ చేతులు జోడించాడు.

"ఫొటోకు దండెందుకు అన్నా? గిది డెకరేషన్ల లేదు గద..." అంటూ వచ్చిన వందన మధ్యలో ఆగింది. దండను చూసింది. దీపాన్ని చూసింది. తెల్ల కర్టెన్లను, బయట కట్టెలను, కుర్చీల్లో కళ్లు తుడుచుకుంటున్న జనాన్ని చూసింది.

"అయ్యో! మా అత్తమ్మ బతికే ఉన్నది!"

"పాపం," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

కేకకు పండరి నెత్తి మీది బస్తాతోనే పరుగెత్తుకొచ్చాడు. "అవ్వకేమైంది? అవ్వ బీర్కూర్ పోయిందిగద!"

"కొడుక్కు సుత పోయింది మతి," అని గంగుబాయి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవనికే మతి పోయింది?"

గేటు దగ్గర నుంచి వచ్చిన ఆ గొంతుకు తలలన్నీ అటు తిరిగాయి. ఒక పళ్లెం జారి కింద పడింది. భూమవ్వ నిలబడి ఉంది. చంకలో చుట్టగా చుట్టిన ఫ్లెక్సీ. కూతురి ఫోన్‌లో తన చావు కబురు తనే చదివించుకుని, ఎన్నిసార్లు చేసినా కొడుకూ కోడలూ ఫోనెత్తకపోతే, దొరికిన ఆటో ఎక్కి వచ్చి, చౌరస్తాలో దిగి ఫ్లెక్సీ తనే పీకి తెచ్చుకుంది. దాన్ని బాలకృష్ణ కాళ్ల ముందు పరిచింది.

"సూడు కొడకా. నా మొఖం గింతంత, నీ మొఖం గంత. సచ్చింది నేనా, నువ్వా?"

భూమవ్వ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే, ఎవలెవలు ఏడ్సిండ్రు? గది చెప్పుండ్రి." రోజారాణి భయపడుతూనే కెమెరా తెచ్చి చూపించింది. గంగుబాయి ఏడుస్తున్న ముక్క వచ్చింది. "మళ్ల పెట్టు బిడ్డా," అంది భూమవ్వ. రెండోసారి చూసింది. మూడోసారి చూసేటప్పుడు ఆమె కళ్లు తడిశాయి. ముక్కు ఎగపీల్చింది.

"గంగూ, నా మీద గింత పావురం, గింత ప్రేమ ఉంటే మోరీ నీళ్లు మా దిక్కెందుకు ఇడుస్తున్నవే?"

వాకిలంతా నవ్వింది, గంగుబాయి కూడా ఏడుస్తూనే నవ్వింది. వందన మాత్రం నవ్వలేదు. కడాయి ఖాళీ, డబ్బాలు ఖాళీ. ఊరంతా తిన్నది, కొంటామన్నవాళ్లు ఒక్కరూ లేరు. పండరి నెత్తి మీద బస్తా దించకుండానే అన్నాడు: "మరి ఆర్డరైతే రాలే. లోపటికి తేవాల్నా?"

వందనకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ తెల్ల కర్టెన్లను ఆమె తన చేతులతో కుట్టుకుంది. ఒక్క పూటైనా తన హాల్లో తను కూర్చోలేదు. వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నేనిస్త ఆర్డర్," అన్నాడు బాలకృష్ణ. కాళ్ల ముందు పరిచిన ఫ్లెక్సీ మీద నుంచి జనం చూపు తప్పించాలని అతను అప్పటికే చాలాసేపటి నుంచి తంటాలు పడుతున్నాడు. "గరిజెలు, గీ తెల్ల కర్టెన్లు, ఫొటో, దీపం, పూలు, అన్ని అచ్చం గిట్లనే గావాలె అక్కా. మస్తుగ సెట్టయింది. మా తాత దినాలకు."

పండరి ఒక నిట్టూర్పు విడిచి, బస్తాతో సహా షెడ్డు వైపు తిరిగాడు. వందన కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"తప్పకుంట చేస్త అన్నా. ఎన్నడు?"

"తారీఖు ఇంక ఖరారు గాలే."

పక్క కుర్చీలో కూర్చుని నాలుగో గరిజ నములుతున్న బాలకృష్ణ తాత హన్మంతు, ఆర్డరు చేసిన సరుకు మీద తన అభిప్రాయంగా ఇంకొకటి వేయమని పళ్లెం చాపాడు.