మూత మీద కార్డు

ఏమప్పా, రైలు తలుపు పక్కన ఒంటికాలి మీద నిలబడి, ముందాయన భుజాన్నే బల్ల చేసుకుని ఫోన్లో ఇది చదువుతున్న పెద్దమనిషీ! నిన్నే. రోజూ బెంగుళూరుకి వేలాడుతూ పోయి వేలాడుతూ వస్తున్నావు కదా, ఇంట్లో మూల పడున్న పాత కంప్యూటర్‌కి ఒక గ్రాఫిక్స్ కార్డు తగిలించి హాయిగా కూర్చుందామన్న తెలివి నీకెందుకు రాలేదు? ఊరుగాం సీనప్పకి వచ్చింది. విను, బుద్ధి తెచ్చుకో.

మన దేశంలో కార్డు లేని ప్రాణి ప్రాణి కాదు. బియ్యానికొక కార్డు, ఓటుకొక కార్డు, తాను తానేనని ఒప్పించడానికి మరో కార్డు. మనిషికి ఇన్ని ఉన్నప్పుడు కంప్యూటర్ మాత్రం ఊరికే ఎందుకు తిరగాలని పైనెవరికో అనిపించినట్టుంది.

సీనప్ప మేనకోడలు చిత్ర వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీకి జనం చిరునామాలు టైపు చేస్తుంది. (ఇంటి నంబరు ఒక గడిలో, వీధి ఒక గడిలో, పిన్‌కోడ్ ఒక గడిలో. పని అంటే ఇంతే.) బంగారు గనులు మూతపడ్డాక ఊళ్ళో మిగిలిన ఒకే ఉద్యోగం రైలెక్కడం కాబట్టి ఆమె కూడా ఎక్కుతోంది. ఊరుగాంలో ఆమె రైల్లో కాలు పెట్టేసరికి, రైలు బయల్దేరే మారికుప్పంలో ఎక్కినవాళ్ళు సీట్లన్నీ పంచుకుని నిద్రలో ఉంటారు. నిలబడి నిలబడి మోకాళ్ళు వాచాయి. ఇక నిలబడితే ఆపరేషనే అన్నాడు డాక్టరు. ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు.

సరిగ్గా అప్పుడే కంపెనీ కరుణించింది. యోగ్యమైన యంత్రం కలిగినవారు ఇంట్లో కూర్చుని పనిచేయవచ్చు. యోగ్యత అంటే గ్రాఫిక్స్ కార్డు.

"వీధి పేరు టైపు కొట్టేదానికి కార్డు ఎందుకమ్మా?" అన్నాడు సీనప్ప.

"ఆఫీసు బొమ్మ తెరుచుకోవాలంట మామా. మేజాలు, లిఫ్టు, మేనేజరు గది, అన్నీ తెర మీద కనపడాలంట. మనకొక బొమ్మ ఉంటాదంట. అది పోయి కుర్చీలో కూర్చుంటే మనం పనికి వచ్చినట్టు లెక్క."

"బొమ్మ పనికి పోతే జీతం కూడా బొమ్మకే ఇస్తారేమో, అడిగినావా?"

చిత్ర ఇంట్లో ఉన్నది ఆమె పీయూసీలో చేరినప్పుడు కొన్న కంప్యూటర్. కంపెనీలోనే అన్నీ బిగించి, సీలు వేసి పంపిన రకం. పెట్టె వెనక 'ఈ సీలు చించినచో వారంటీ రద్దు' అని ఉంది. వారంటీ ఆ పీయూసీ పూర్తయ్యేలోపే అయిపోయింది. సీనప్ప స్క్రూడ్రైవర్ పట్టుకోగానే అతని చెల్లెలు, చిత్ర తల్లి గంగ అడ్డం వచ్చింది.

"సీలు చించొద్దు అనా, వారంటీ పోతాది!"

"పోయినదాన్ని ఇంగెట్ల పోగొడతానే? గమ్మునుండు."

అయినా చెల్లెలి తృప్తి కోసం తయారీదారుకే ఫోను చేశాడు. వాళ్ళు చాలా మర్యాదగా, ఈ మోడల్‌ని మెరుగుపరచడానికి ఒక మార్గం ఉందన్నారు. ఇంకో మోడల్ కొనడం.

బెంగుళూరు నుంచి కార్డు వచ్చింది. పెట్టె కంటే కార్డు పొడుగు. సీనప్ప లోపలి రేకు అడ్డాన్ని రంపంతో కోశాడు. కార్డు పట్టింది, కరెంటు చాలలేదు. స్విచ్ వేయగానే కంప్యూటర్ ఆరిపోయేది. ఎక్కువ కరెంటిచ్చే పవర్ డబ్బా తెస్తే దాని వైరు లోపలి బోర్డుకి పట్టలేదు. (పరాయివాళ్ళ వైరు దూరకూడదనే తయారీదారు అక్కడ తన సొంత రంధ్రాలు పెట్టుకున్నాడు.) మధ్యలో ఇంకో వైరు కలిపి, డబ్బాని పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, చల్లదనానికి టేబుల్ ఫ్యాను పెట్టాక కంప్యూటర్ వెలిగింది. మూత మాత్రం పడదు. ఆపరేషన్ మధ్యలో డాక్టరు టిఫినుకి పోయినట్టు అన్నీ బయటే ఉన్నాయి.

ఇక పరీక్ష. కంపెనీలో గృహ యంత్ర యోగ్యతాధికారిణి అనే పదవి ఉంది. అందులో మధుర అనే ఆవిడ ఉంది. ఆవిడకి ఫొటో పంపాలి.

మొదటి ఫొటోకి జవాబు: 'కార్డు కనబడుచున్నది. మూత తెరచి ఉన్నది. తిరస్కరణ.'

కార్డు పీకేసి, మూత బిగించి, రెండోది పంపారు. 'మూత మూసి ఉన్నది. కార్డు కనబడుట లేదు. తిరస్కరణ.'

చిత్ర ఫోను చేసింది. "మేడం, మూత మూస్తే లోపల ఉండేది ఎట్ల కనపడుతుంది?"

"అది మీ యంత్రం లోపమండీ" అంది మధుర, నిజంగానే జాలిపడుతూ.

చిత్ర మోకాళ్ళు పట్టుకుని మంచం మీద కూలబడింది. సీనప్ప మీసం కింద నవ్వాడు. చిన్నప్పుడు టీచరు కుర్చీకి జిగురు రాసిన రోజు నవ్విన నవ్వే.

"గంగా, కుంకుమ బరిణె ఎత్తుకొని రా. ఒక చెండుమల్లె పువ్వు కూడా."

మూత బిగించాడు. దాని మీద కార్డు పెట్టాడు. కార్డుకి బొట్టు పెట్టి, పక్కన పువ్వు పెట్టి, ఆయుధపూజ నాడు సైకిల్‌కి తీసినట్టు ఫొటో తీశాడు.

'కార్డు కనబడుచున్నది. మూత మూసి ఉన్నది. అర్హం.'

ఆ సాయంత్రం సీనప్ప గని కూలీల లైనిండ్లలో గడపగడపకీ పోయి చెప్పాడు. "కంపెనీకే చెవిలో పువ్వు పెట్టినాను చూడండప్పా! మా పాప ఇంగ రైలెక్కదు. కూర్చుంటాది!"

సోమవారం కుర్చీలో దిండు వేశారు. గంగ కాఫీ పెట్టింది. కార్డు మళ్ళీ లోపలికి పోయింది, మూత మళ్ళీ ఊడింది, ఫ్యాను తిరిగింది. చిత్ర కూర్చుని ఆఫీసు తెరిచింది.

ఆఫీసు రాలేదు. ముందొక ప్రకటన వచ్చింది: 'ఉద్యోగుల మధ్య స్నేహము ఆఫీసులో కన్నా దారిలోనే ఎక్కువగా కుదురునని తేలినందున, నేటినుండి ప్రయాణ అనుభవము కల్పించబడినది.'

తర్వాత రైలు వచ్చింది. అచ్చం మన రైలే. కిటికీ ఊచల తుప్పుతో సహా కళ్ళకి కట్టినట్టుంది. ముందే లాగిన్ అయిన బొమ్మలన్నీ సీట్లలో ఉన్నాయి. చిత్ర బొమ్మ తలుపు పక్కన నిలబడింది. కింద ఇంకో వాక్యం: 'సీటు లభించనివారు కెమెరా ఎదుట నిలబడవలెను.'

చిత్ర లేచి నిలబడింది.

సీనప్ప కాఫీ గ్లాసుతో వచ్చి చూశాడు. "కూర్చోమ్మా! ఇంట్లోనే కదా ఉండేది."

"కూర్చుంటే లేటు మార్కు పడతాది మామా. బంగారుపేటలో ఎవురన్నా దిగితే చూస్తాను."

"మన ఇంట్లో బంగారుపేట యాడ వచ్చిందే?"

"ఇంగ వస్తాది, ఉండు."

సీనప్ప చెయ్యి తనంతట తానే చెవి దాకా పోయి, తడిమి చూసుకుని వచ్చింది. తప్పు కార్డుది కాదు. కార్డు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కార్డు లేని పాత కంప్యూటర్ అయితే సీటు లేదన్న సంగతి ఇంత స్పష్టంగా కనబడేదే కాదు.

ఏమప్పా, ఒంటికాలి మీద ఇంకా ఉన్నావా? ఇందాక నిన్ను తెలివి తక్కువవాడన్నాను, మనసులో పెట్టుకోకు. నిలబడటానికి నువ్వు టికెట్టు ఒక్కటే కొన్నావు.