చిట్టి పౌరుడికి ఘనస్వాగతం

"నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి నిశ్శబ్దం చాలా ముఖ్యం!" అని మా వన్ టౌన్ నాయకుడు గవర్రాజుగారు మైకులో ప్రకటించారు. మైకు మా సందులోనే కట్టారు కాబట్టి నిశ్శబ్దం సంగతి అందరికీ స్పష్టంగా వినిపించింది.

నిశ్శబ్దం కావలసిన పిల్లవాడు మా ఎదురింట్లో ఉన్నాడు. పోర్టులో కాంట్రాక్టు పనిచేసే నరేష్‌కి, నీలిమకి తొలి బిడ్డ. ఎనిమిదో నెల రాకుండానే పుట్టి, ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెరిగి, ఆ ఉదయమే ఇంటికొచ్చాడు. వెచ్చగా ఉంచాలి, ఎవరినీ దగ్గరికి రానివ్వకూడదు, వారం వారం నర్సు వచ్చి చూస్తుంది అని చెప్పి పంపారు డాక్టరుగారు. నీలిమ బిడ్డను గుండెకు కట్టుకుని గదిలో కూర్చుంది. వాడు ఊపిరి తీస్తున్నాడో లేదోనని వంగి చూస్తూ, నరేష్ తన ఊపిరి మరిచిపోతున్నాడు.

ఇలాంటి సమయంలో చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు గవర్రాజుగారు. అప్పటికప్పుడు 'చిట్టి పౌరుడు' అనే స్కీము పెట్టి, ఆ బిడ్డను తొలి లబ్ధిదారుగా ప్రకటించారు. బిడ్డ చుట్టూ జనం మూగకూడదని చెప్పడానికి రెండు లారీల జనాన్ని తెచ్చారు. ముందు డప్పులు. పాపం, డప్పులవాళ్ళు మెల్లగానే కొట్టారు.

గుమ్మంలో నరేష్ తల్లి కాశమ్మ అడ్డంగా నిలబడింది.

"జనం లోపలికి రాకూడదు బాబూ. గుంటడు సిన్నోడు."

"నేను జనం కాదమ్మా, నాయకుణ్ణి."

"అయితే సబ్బెట్టి సేతులు కడుక్కోండి."

గవర్రాజుగారు వీధి కుళాయి తిప్పారు. కుళాయి దగ్గింది. దాని పక్కనే ఉన్న శిలాఫలకం మీద తన పేరు చూసుకుని, "ప్రాసెస్‌లో ఉంది" అన్నారు.

ఫొటోగ్రాఫర్ అప్పలసూరి కిటికీలోంచి తొంగి చూసి పెదవి విరిచాడు. "సార్, మీరు శాలువా కప్పితే బేబీ కనబడడు. ఇంకొంచెం పెద్ద బేబీ ఉంటే..."

అందరూ నా అరుగు వైపు తిరిగారు. అక్కడ మా మనవడు నాగవంశీ జంతిక నములుతున్నాడు. వాడిని ఎత్తుకుంటే ఇంట్లో ఎవరికైనా నడుం పట్టేస్తుంది.

నరేష్ పరుగున వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "బాబాయ్, నీకు దండమెడతాను. మీ గుంటణ్ణి ఓపాలి ఇయ్యి. ఈ డప్పులకి మావోడు ఉలిక్కిపడతన్నాడు."

ప్రజాసేవ కదా, ఇచ్చాను.

గవర్రాజుగారు మూలుగుతూ నాగవంశీని ఎత్తారు. "చూడండి! స్కీము పెట్టిన గంటకే ఎంత గ్రోతో!" చప్పట్లు మోగాయి. మావాడు మైకు కొరికాడు. "లీడర్‌షిప్ క్వాలిటీస్!" అన్నారాయన.

లారీలు వెళ్ళిపోయాక నీలిమ బిడ్డ చెవి మీంచి అరచెయ్యి తీసింది. నరేష్ గడప మీద కూలబడి కాసేపు ఏడ్చి, ఎందుకో నవ్వాడు.

మర్నాడు పేపర్లో మావాడి ఫొటో పడింది: 'కోలుకున్న చిట్టి పౌరుడు'.

ఆ వారం నర్సు ఆశాజ్యోతి ఆ పేపరు పట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చింది. నాగవంశీని తూచింది. ముల్లు చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. బుల్లి ఉన్ని టోపీ పెట్టబోతే వాడి పిడికిలికి సరిపోయింది. "ఎక్సలెంట్" అని రాసుకుంది.

నరేష్ పరుగెత్తుకొచ్చాడు. "మేడం, బాబు మా ఇంట్లో ఉన్నాడండి. నాను తండ్రిని."

ఆమె ఫొటో చూసింది, నాగవంశీని చూసింది. "బాబు ఇక్కడే ఉన్నాడు కదండీ?"

వెనకే కాశమ్మ వచ్చింది. నర్సు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, బిందెలో నీళ్ళతో ఆ చేతులు తనే కడిగి, గదిలోకి తీసుకెళ్ళింది. నీలిమ బిడ్డ మీది బట్ట తొలగించింది. ఆశాజ్యోతి చాలాసేపు గుండె చప్పుడు విని, "బాగానే కొట్టుకుంటంది" అంది. నీలిమ కళ్ళు తుడుచుకుంది.

నర్సుకీ కళ్ళు చెమర్చాయి.

"అయినా ఏటమ్మా, ఇంత సిన్నగున్నాడు! ఎంటనే గవర్రాజుగారికి సెప్పి స్కీములో సేర్పించండి. ఆ ఎదురింటి గుంటణ్ణి సూడండి, ఎంత బాగా కోలుకున్నాడో!"