రెండు పనుల కెమెరా

శుక్రవారం పొద్దున్న తాతబ్బాయి ఇద్దరికి ఫోను చేసి రెండు అబద్ధాలు చెప్పి, ఆ తర్వాత పళ్లు తోముకున్నాడు.

మొదటి ఫోను పరదేశికి. "ఒరే, రావికమతం నిశ్చితార్థం వాయిదా పడ్డాదిరా. ఆళ్లింట్లో ఎవులో పోయేరట. నువ్వు ఇంటికాడే ఉండు." రెండోది పెళ్లికూతురి తండ్రి ఉమామహేష్‌కు. "బాబూ, మా వీడియో పరదేశికి జొరం. నానొక్కడ్నే వస్తన్నాను. ఫొటో, వీడియో రెండూ నానే సూసుకుంటాను."

చోడవరంలో ఈ ఇద్దరిదీ ఒకటే స్టూడియో. ఇరవై రెండేళ్లుగా తాతబ్బాయి ఫోటోలు తీస్తే పరదేశి వీడియో తీస్తాడు. ఒకడి ఫోటోల్లో రెండోవాడి వీపు పడుతుంది, రెండోవాడి వీడియోలో మొదటివాడి మోచెయ్యి పడుతుంది. దీన్ని వాళ్లు స్నేహం అంటారు.

గురువారం సాయంత్రం విశాఖపట్నంలో ఒక దుకాణం వాళ్లు తాతబ్బాయికి ఖరీదైన మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి వాడి చూడమని ఇచ్చారు. ఫోటో, వీడియో రెండూ ఒకే మాదిరిగా తీస్తుందట. కన్ను ఎటు తిరిగితే ఫోకస్ అటు తిరుగుతుందట. నొక్కితే చప్పుడు కూడా ఉండదట. "ఈ ఉదయమే ఒకాయన వాడి తెచ్చిచ్చారండి, చాలా నచ్చిందన్నారు. కార్డు అందులోనే ఉంది" అంది అమ్మే పిల్ల. కెమెరా వీపు తాతబ్బాయి వైపు పెట్టి, తను కౌంటరుకు అవతల నిలబడి, "ఈ మీట ఎడమకైతే ఫోటో, కుడికైతే వీడియో" అని కూడా చెప్పింది. ఆమె చెప్పింది తన ఎడమ. తాతబ్బాయి గుర్తుపెట్టుకున్నది తన ఎడమ.

పెళ్లి మాఘంలో. ఇవాళ కెమెరా బాగా పనిచేస్తే ఆ పెళ్లి మొత్తం తనొక్కడే ఒప్పుకుంటాడు. స్టూడియో బోర్డు మీద పరదేశి పేరు ఉండదు. ఆ మాట పరదేశికి ఎలా చెప్పాలో ఆలోచించలేదు. ఆలోచించేవాడైతే ఈ పనికి దిగడు.

రావికమతంలో పందిరి కింద అందరినీ నిలబెట్టాడు. మీట ఎడమకు తిప్పాడు. "ఇటు సూడండి, నవ్వండి." నొక్కాడు. చప్పుడు లేదు.

"తీసేవా?" అంది పెళ్లికూతురి నాయనమ్మ అప్పలనరసమ్మ.

"తీసేనమ్మా."

"టకీమనలేదు, మెరుపు మెరవలేదు. ఏటి తీసేవు, నా మొహం?"

"నీ మొహమే తీసేనమ్మా."

కెమెరా వెనక తెర మీద ఎర్రచుక్క ఒకటి వెలిగింది. ఖరీదైన వస్తువుకు అలాంటివి ఉంటాయనుకున్నాడు. కళ్లజోడు ఇంట్లో ఉంది. ఉంగరాలు మార్చుకునే వేళకు మీట కుడికి తిప్పి ఒక నొక్కు నొక్కి, పది నిమిషాలు పందిరంతా కలయదిప్పాడు. మళ్లీ ఎడమకు. భోజనాలయ్యాక మరికొన్ని గుంపుల్ని నిలబెట్టాడు. ఆఖరున వంటపాకలో వంటాయనతో నాలుగు మాటలు మాట్లాడాడు.

బూరె కొరుకుతుంటే ఉమామహేష్ వచ్చి భుజం తట్టాడు. "పాపం పరదేశికి జొరమన్నావు కదా. మోటారుసైకిలు మీద కేరేజీ పంపించేను."

తాతబ్బాయి కొరికిన బూరె కింద పెట్టేశాడు. "జొరానికి బూరెలేటి బాబూ!"

"పులిహోర కూడా ఎట్టేం."

తాతబ్బాయి సంచి సర్దుకున్నాడు. ఉమామహేష్ వదల్లేదు. "వియ్యపోరు ఎల్లకముందే టీవీలో ఓసారి సూపించు. ఆళ్లకి నచ్చితే పెళ్లికీ నువ్వే." తాతబ్బాయి హాల్లో టీవీకి, కెమెరాకు తీగ తగిలించాడు.

టీవీలో ఫోటో రాలేదు. ఫోటో అయిపోయిందనుకుని కదిలిన గుంపు వచ్చింది. అప్పలనరసమ్మ పక్కావిడ చెవిలో అంటోంది: "పెళ్లికొడుకు కుర్చీలో కూకుంటే కాళ్లు నేలకి అందటం లేదే. పీటెయ్యలేకపోయేరా?"

హాల్లో కూర్చున్న పెళ్లికొడుకు కాళ్లు చాపి నేలను వెతుక్కున్నాడు.

తాతబ్బాయి కంగారుగా ముందుకు జరిపాడు. తెర మీదికి పెళ్లికొడుకు తల్లి కనకదుర్గ వచ్చింది. "వంకాయ కూర నోట్లో ఎట్టలేకపోయేను. ఈ ఊళ్లో ఉప్పు అమ్మరేటి?"

"రెండుసార్లు ఏయించుకున్నావు కదమ్మా," అంది హాల్లో ఉన్న అప్పలనరసమ్మ, "ఉప్పు కోసం ఎతికేవా?"

కనకదుర్గ లేచి నిలబడింది. ఆమె వెనక మగపెళ్లివారంతా లేచారు.

"ఉంగరాలు! ఉంగరాలు సూడండి!" అని తాతబ్బాయి వెనక్కి జరిపాడు. పురోహితుడి బట్టతల వచ్చింది. ఒకే ఒక్క ఫోటో. చాలా స్పష్టంగా ఉంది. వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. మూడున్నాయి. ఉంగరాలు ఆ తల వెనక ఉన్నాయి.

గబగబా చివరిదానికి జరిపాడు. అది వంటపాక. మెడలో వేలాడే కెమెరాకు గాడిపొయ్యి మాత్రమే కనిపించింది. గొంతు తాతబ్బాయిదే. "పరదేశికి జొరమూ లేదు, గిరమూ లేదు. ఈ కెమెరా కొన్నానంటే ఇంక ఆడితో పనేటి? ఇరవై రెండేళ్లు మోసేను."

"నన్నా మోసేవు?"

గుమ్మంలో పరదేశి. చేతిలో కేరేజీ. "సచ్చిపోయినోళ్లింట్లోంచి బూరెలెలాగొచ్చేయా అని సూడ్డానికొచ్చేను."

"ఎవులు సచ్చిపోయేరు?" అంది అప్పలనరసమ్మ. చుట్టూ తలలు లెక్కపెట్టి, "ఇంట్లో పెద్దదాన్ని నానే. నన్నే అనుంటాడు" అంది.

పరదేశి కేరేజీ నేల మీద పెట్టాడు. "ఒరే తాతబ్బాయీ, నీ పెళ్లాం పోయిన్నాడు నీ పక్కన ఎవులున్నార్రా? ఆదివారం ఆదివారం నీకు కూర ఎవులింట్లోంచి వస్తంది? ఈ డబ్బా కోసం నన్ను వదిలేత్తావా?"

ఇరుపక్షాల వారూ తాతబ్బాయి వైపు తిరిగారు. వంటాయన కూడా గరిటె పట్టుకుని వచ్చాడు. టీవీ ఆపేద్దామని తాతబ్బాయి ఏదో నొక్కాడు. ఆగలేదు. చివరిది అయిపోయింది కాబట్టి కెమెరా కార్డులో మొదటిదానికి తిరిగింది.

టీవీ నిండా పరదేశి మొహం. కన్ను మీద ఫోకస్ చక్కగా ఉంది. వెనక వాళ్లింటి అరుగు, తీగ మీద వాళ్లావిడ అసిరమ్మ చీర.

"ఫొటో కూడా ఇదే తీసేత్తాదే అసిరీ. ఇంక తాతబ్బాయేల? మాఘంలో రావికమతం పెళ్లికి నానొక్కడ్నే ఎల్తాను. ఆ ముసిలోడికి సెప్పకు."

అసిరమ్మ గొంతు వినబడింది. "మరి ఆదివారం కూర పంపాలా?"

"పంపు. మానేత్తే అనుమానం వస్తాది."

పరదేశి కేరేజీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు, ఎందుకో అతనికే తెలియదు.

ముందు కనకదుర్గ నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. "వీళ్లకంటే మనమే నయం పిన్నీ" అంది అప్పలనరసమ్మతో. "కూరలో ఉప్పు కొంచెం తగ్గిన మాట నిజమేలే" అంది అప్పలనరసమ్మ. పెళ్లికొడుకు కాళ్ల సంగతి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఉమామహేష్ ఇద్దరి మెడలూ వంచి పందిట్లోకి తోశాడు. "మీ పాత డొక్కులు తియ్యండి. ఉంగరాలు మళ్లీ మారుత్తాం." తాతబ్బాయి పాత కెమెరా సంచి అడుగున ఉంది. పరదేశి పెద్ద కెమెరా, లైటు ఎప్పుడూ బండికే కట్టి ఉంటాయి. లైటు వెలిగింది, మెరుపు మెరిసింది.

"టకీమంది," అంది అప్పలనరసమ్మ. "ఇదీ ఫొటో అంటే."

ఆ ఫోటోలో పరదేశి వీపు పడింది.

శనివారం దుకాణంలో అమ్మే పిల్ల కెమెరా తీసుకుంటూ అడిగింది. "ఎలా ఉందండీ, ఫోటోలకీ వీడియోకీ?"

"రెండూ బాగా తీత్తాది," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మరి తీసుకుంటారా?"

"వొద్దు."

కార్డు ఖాళీ చేశారా అని ఆమె అడగలేదు. దారిలో రెండుసార్లు చేశారు. నిజానికి కెమెరా తిరిగివ్వడానికి ఒక్క మనిషి చాలు. కానీ ఒకణ్ని ఒంటరిగా విశాఖపట్నం పంపే ధైర్యం రెండోవాడికి లేకపోయింది.