అర్థం అడగకండి, పాడేయండి!

జాతీయ గీతం పూర్తిగా రాకపోవడమే అసలైన దేశభక్తి! ఈ మాట అన్నందుకు నన్ను జైల్లో పెట్టినా సరే, వెనక్కి తీసుకోను.

మాది దక్షిణాఫ్రికా. మా గీతంలో ఐదు భాషలున్నాయి. ముందు ఖోసా, దాని వెనక జూలూ, తరవాత సొతో, ఆఫ్రికాన్స్, చివర ఇంగ్లిష్. ఐదూ వచ్చినవాడు ఎక్కడైనా ఉంటే, వాణ్ణి కోర్టులో దుబాసీగా కూర్చోబెట్టేసి ఉంటారు. మరి మిగిలిన మేమంతా ఎలా పాడతాం?

చాలా తేలిక! మన భాష ముక్క రాగానే రొమ్ము విరిచి గొంతు చించుకుంటాం. పక్కవాడి ముక్క రాగానే పెదాలు కదుపుతూ “మ్‌మ్‌మ్” అంటాం. ఫుట్‌బాల్ మ్యాచ్ రోజున స్టేడియం స్టేడియమంతా ఒక్క గొంతుతో “మ్‌మ్‌మ్” అంటుంటే వినాలండీ! ఒళ్లు జలదరిస్తుంది. అంతకు మించిన ఐక్యత ఏ దేశంలో ఉంది?

అర్థం తెలిసిందనుకోండి, ఏమవుతుంది? ఈ మాట ఎందుకు పెట్టారని ఒకడు, ఆ మాట ఎందుకు పెట్టలేదని ఇంకొకడు. గొడవ తీర్చడానికి కమిటీ. కమిటీకి టీ, బిస్కట్లు, కార్లు. ఖజానా ఖాళీ! అర్థం తెలియకపోతే ఏ బాధా లేదు. గుండెమీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుంటే చాలు, చూసేవాళ్లకి భక్తి కనబడుతుంది.

నాకు ఈ జ్ఞానం ఊరికే రాలేదు. ప్రిటోరియాలో మేముండే బిల్డింగులో జరిగిన ఒక ఘోరం వల్ల వచ్చింది.

ఏటా సెప్టెంబరులో వారసత్వ దినం నాడు మా వాళ్లంతా కింద పెరట్లో నిప్పులు రాజేసి మాంసం కాల్చుకుంటారు. తినేముందు ఎవరో ఒకరు ఫోన్లో గీతం పెట్టేవారు. మొన్నటేడు మా బిల్డింగు కమిటీ సెక్రటరీ మామ్ ఠోకోకి ఉన్నట్టుండి రోషం వచ్చింది. ఆవిడ జూలూ మనిషి, ఒకసారి అనుకుందంటే అంతే.

“ఫోను పాడుతుంటే మనం నిలబడి చూడటమేంటి? సిగ్గులేదూ! ఈసారి మనమే పాడాలి. ఖోసా, జూలూ నేను చూసుకుంటా. ఇంగ్లిష్‌కేముంది, అందరూ అరుస్తారు. చేతులూపి పాడించేది మాత్రం నువ్వే, ములాలో తమ్ముడూ.” ములాలో అంటే నేనే.

“నేనా? మాది వెండా భాష కదమ్మా! ఆ గీతంలో మా మాట ఒక్కటి కూడా లేదు.”

“అందుకే! నీకు ఏదీ రాదు. ఎవరివైపూ మొగ్గవు.”

మా దేశంలో పెద్ద పెద్ద కుర్చీలు కొన్ని ఈ సూత్రం మీదే భర్తీ అవుతాయి కాబట్టి నేను కాదనలేకపోయాను.

చిక్కల్లా మిగతా రెండు ముక్కల దగ్గర వచ్చింది. సొతో ముక్క పాడాల్సింది దినెయో గారు. రిటైరైన నర్సు. అందరూ ‘మే దినెయో’ అంటారు, మే అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆఫ్రికాన్స్ ముక్క ఫానీ పెద్దాయన పాడాలి. రైల్వేలో పనిచేసి రిటైరైన తెల్లాయన. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. వీళ్లిద్దరివీ మూడో అంతస్తులో ఎదురెదురు తలుపులు. ఆయన రోజూ టోపీ ఎత్తి పలకరిస్తాడు. ఆవిడ రోజూ తాళంచెవి వెతుక్కుంటుంది.

కారణం అందరికీ తెలుసు. ఆవిడ చిన్నప్పుడు సొవేటోలో స్కూలు పిల్లలకి లెక్కలు కూడా ఆఫ్రికాన్స్‌లోనే చెప్పాలన్నారు పాత తెల్లవాళ్ల ప్రభుత్వం వాళ్లు. పిల్లలు వీధుల్లోకి వచ్చారు. పోలీసులు కాల్చారు. ఆ పొద్దున్న ఆవిడతో కలిసి బయల్దేరిన అన్న ఇంటికి రాలేదు. ఆనాటి నుంచి ఆ భాషలో ఆవిడ నోట ఒక్క మాట కూడా ఎవరూ వినలేదు. పైగా గీతంలో ఆ ముక్క పాత ప్రభుత్వం వారి పాటలోంచి తెచ్చి అతికించిందే!

“నా ముక్క పాడతాను, అవ్వగానే వెళ్లి మాంసం తిరగేస్తాను,” అంది మే దినెయో.

“అదేంటమ్మా, గీతం మధ్యలోనా?” అన్నాను.

“మరి మాడిపోతే నువ్వు తింటావా?”

చూశారా, ఎంత నాజూకైన ఏర్పాటో! ఎవరి పరువూ పోదు, మాంసమూ మాడదు. దేశాన్ని ఇలాగే కదా నడుపుకొస్తున్నాం?

ఆ రోజు రానే వచ్చింది. మామ్ ఠోకో తన రెండు ముక్కలూ అందుకుంటే పక్కవీధి కుక్కలు కూడా నిశ్శబ్దమయ్యాయి. మే దినెయో తన ముక్క కళ్లు మూసుకుని పాడింది. మేమంతా యథావిధిగా “మ్‌మ్‌మ్” అన్నాం. ముక్క అవుతూనే ఆవిడ పట్టకారు తీసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది.

ఫానీ పెద్దాయన ఇస్త్రీ కోటు సర్దుకుని ముందుకొచ్చాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

బిడియం అనుకున్నాం. నేను చేతులింకా జోరుగా ఊపాను. ఆయన నా చేతులకేసి చూశాడు, ఆకాశంకేసి చూశాడు. ఈమధ్య ఆయన లిఫ్టు దిగి ఏ తలుపు తనదో తెలియక నిలబడిపోవడం మేం చూశాం. పెద్దతనం అనుకుని ఊరుకున్నాం. ఆయన మళ్లీ నోరు తెరిచాడు.

“నాదే కదా… ఇది నా భాషే కదా,” అన్నాడు.

మా దగ్గరున్న సాయం ఒక్కటే. అందరం కలిసి “మ్‌మ్‌మ్” అన్నాం. ఆయనకి ఏడుపొచ్చేసింది.

అప్పుడు పొగలోంచి ఒక గొంతు వినిపించింది. శుభ్రమైన ఆఫ్రికాన్స్‌లో మొదటి వరుస! పాడటం కాదు, రోగిని మందు మింగమన్నట్టు చెప్పింది మే దినెయో. చేతిలో పట్టకారు అలాగే ఉంది. పెద్దాయన ఆ వరుస పాడాడు. ఆవిడ రెండోది చెప్పింది. ఆయన పాడాడు. అలా నాలుగూ అయ్యాయి.

“గొంతు పెంచండి. మా సారు బెత్తం పుచ్చుకుని నేర్పినప్పుడు ఇంత మెల్లగా పలికితే వీపు చిట్లేది,” అంది చివర్లో.

తరవాత ఇంగ్లిష్ ముక్క ఎవరు పాడారో నాకు గుర్తులేదు. మాంసం మాత్రం మాడిపోయింది.

తినేటప్పుడు పెద్దాయన తన ప్లేటు పట్టుకుని ఆవిడ పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను వెనకే ఉన్నాను.

“ఇన్నేళ్లుగా మీ ముక్క వింటున్నాను, మే దినెయో. అందులో ఏముంది?”

ఆవిడ చెప్పింది. దేవుడా, మా జాతిని కాపాడు, యుద్ధాలూ బాధలూ ఆపు, అంతే. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఇంతేనా? మమ్మల్ని తిట్టడం లేదూ?”

“తిట్టాలంటే పాటెందుకండీ? ఎదురు తలుపులోనే ఉన్నాను కదా!”

ఆయన కాసేపు నవ్వాడు. “మరి మా ముక్కో?”

“మీ దాంట్లో ఆకాశం ఉంది, సముద్రం ఉంది, కొండలున్నాయి. మనుషులే లేరు.”

ఆయన లోపల తన ముక్క వరుసలు లెక్కపెట్టుకున్నట్టున్నాడు. “నిజమే. నేనెప్పుడూ చూసుకోలేదు,” అన్నాడు. మళ్లీ అడిగాడు, “మీ అన్నయ్య పేరేంటి?”

ఆవిడ ప్లేటు కింద పెట్టి, “తెఫో,” అంది.

“తెఫో. రేపటికి మరిచిపోతానేమో.”

“మరిచిపోతే మళ్లీ చెబుతాను.”

ఇదండీ ఆ ఘోరం! దీని ఫలితం కూడా వినండి. క్రిస్మస్‌కి ముందు కూతురు వచ్చి పెద్దాయనని పక్కనున్న సెంచూరియన్ ఊళ్లోని వృద్ధాశ్రమంలో చేర్చింది. అక్కడ ఆయనకి ముందు ఇంగ్లిష్ పోయింది. తరవాత కూతురి పేరు పోయింది. మిగిలింది చిన్ననాటి ఆఫ్రికాన్స్ ఒక్కటే. అక్కడి పనివాళ్లలో అది సరిగా వచ్చినవాళ్లు లేరు. అందుకని మే దినెయో ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వ్యాన్‌లో ఇరుక్కుని వెళ్తోంది. బతుకంతా నోట్లోకి రానివ్వని భాషలో సాయంత్రం దాకా ఆయనతో కబుర్లు చెప్పి వస్తోంది. మోకాళ్ల నొప్పులని అందరి దగ్గరా మూలుగుతోంది. వెళ్లడం మాత్రం మానదు.

ప్రమాదం ఎంతటిదో అర్థమైందా? ఒక్క పాటకి అర్థం అడిగిన పాపానికి, హాయిగా పడుకోవలసిన ఆదివారాలు పోయాయి! అందుకే మొత్తుకుంటున్నాను. జెండా ఊపండి, జెర్సీ తొడుక్కోండి, పక్కవాడి ముక్క రాగానే పెదాలు కదపండి. అంతటితో ఆగండి.

నేనైతే అలాగే ఆగాను. మొన్న లిఫ్టులో అయిదో అంతస్తు ఖోసా ఆయన కలిశాడు. ఎంతకాలంగానో ముఖపరిచయం. తన భాషలో మెల్లగా ఏదో చెప్పాడు, రెండు మూడు మాటలు. నేను చక్కగా నవ్వి, తలూపి, “మ్‌మ్‌మ్” అన్నాను. ఆయన తలొంచుకుని దిగిపోయాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ లివువానీ చెప్పింది, ఆయన భార్య పొద్దున్నే ఆసుపత్రిలో చనిపోయిందట.

దేశ ఐక్యతకి మాత్రం ఎటువంటి భంగమూ కలగలేదు.