సముద్రంలో స్టేషను మాస్టారు

ఆ ఉదయం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సొంత పడవలో భార్యను ఎక్కించుకుని, తీరం వెంబడే నింపాదిగా ఇసుకదిబ్బ దాకా వెళ్లి, అక్కడ లంగరు వేసి, భోంచేసి, సాయంత్రానికి రేవుకు తిరిగి రావడం. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. కాకపోతే కిందటి రెండుసార్లూ ఆయన ఇదే పని మీద వెళ్లి, ఒకసారి డీజిలు అయిపోయి, ఇంకోసారి ఇసుకలో ఇరుక్కుని, పరాయి పడవల వెనక తాడు కట్టించుకుని ఇల్లు చేరారు.

అందుకే పడవ ఎక్కేముందు భార్య ఒక షరతు పెట్టింది.

"ఇవాళ కూడా మనల్ని ఎవరైనా లాక్కొస్తే, రేపు పొద్దున్నే పడవ అమ్మేద్దాం. రేవులో జనం ముసిముసిగా నవ్వుతుంటే తలెత్తుకోలేకపోతున్నా."

మాస్టారు ఉద్యోగమంతా రైల్వే స్టేషన్లలో గడిపిన మనిషి. స్టేషను మాస్టరుగా రిటైరయ్యాక ఏం తోచక, గుమ్మంలో నిలబడి పాలవ్యానుకు జెండా ఊపుతూ, కూర దిగడం ఆలస్యమైతే గడియారం వైపు చూసి నిట్టూరుస్తూ రోజులు వెళ్లదీశారు. పడవ కొన్నాకే మళ్లీ మనుషుల్లో పడ్డారు. అది కాస్తా పోతే ఆయన బతుకు మళ్లీ మొదటికొస్తుంది.

"ఇవాళ మనల్ని ఎవరూ లాగరు," అన్నారు గంభీరంగా.

ఆ గాంభీర్యం చూసి ఆవిడ సంచిలో ఇంకో నవల కూడా పెట్టుకుంది.

అంతా సవ్యంగానే సాగింది. డీజిలు నిండుగా ఉంది. దిబ్బకు దూరంగా, లోతున్న చోటే లంగరు పడింది. భోజనాలయ్యాక ఆవిడ లోపలి గదిలోకి వెళ్లి నవల తెరిచి, రెండో పేజీ దాటకుండానే నిద్రలోకి జారుకుంది. మాస్టారు పైన కుర్చీ వేసుకుని టీ తాగుతుండగా, కాస్త దూరంలో ఒక చేపల పడవ వెళ్తూ కనబడింది.

కళ్లెదుట ఏదైనా వెళ్తుంటే ఊరికే కూర్చోవడం మాస్టారికి చేతకాదు. చెయ్యి దానంతటదే జెండా కోసం తడుముకుంది. క్యారియర్‌కు చుట్టి తెచ్చిన పచ్చగుడ్డ దొరికింది. లేచి నిటారుగా నిలబడి, దారి బాగుంది వెళ్లిపొమ్మన్నట్టు దాన్ని అటూ ఇటూ ఊపారు. ఎన్నాళ్లకో ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

చేపల పడవ నెమ్మదించి, ఇటు తిరిగింది.

ఆగివున్న పడవలోంచి ఎవరైనా గుడ్డ ఊపితే ఆపదలో ఉన్నారని సముద్రం మీద అందరికీ అర్థం. ఈ సంగతి మాస్టారికీ తెలుసు, ఆయన చేతికే తెలియదు. వచ్చేవాళ్లు తాడు తెస్తారు. తాడు పడితే పడవ పోతుంది. అయితే వచ్చే బండిని ఎలా ఆపాలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆరేసిన ఎర్ర తువ్వాలు లాగి తల మీదుగా గబగబా ఊపారు.

చేపల పడవ వేగం పెంచింది.

"మాస్టారూ, లోపలికి నీళ్లొచ్చేశాయా?" అని దూరం నుంచే కేకేశాడు దాన్ని నడిపే అతను. కిందటిసారి ఇసుకలోంచి లాగింది అతనే.

"ఏం లేదయ్యా. నువ్వెళ్లు."

"మరి ఎర్రగుడ్డ ఎందుకు ఊపారు?"

"నిన్ను రావద్దని."

"అంతకుముందు పచ్చది?"

"నిన్ను వెళ్లమని."

అతను జాలిగా చూశాడు. "అమ్మగారెక్కడండీ?"

"లోపల పడుకుంది. మెల్లగా మాట్లాడు, లేస్తే నా కొంప మునుగుతుంది."

దాంతో అతనికి సంగతి అర్థమైపోయింది. ఎండదెబ్బకు ఈయనకు మతి పోయింది, లోపల ఆవిడ ఏ స్థితిలో ఉందో తెలియదు. ఇది తన వల్ల అయ్యే పని కాదనుకుని, రేడియోలో రేవుకు కబురు పెట్టాడు. కాసేపటికి సైరన్ మోగించుకుంటూ రక్షణ పడవ వచ్చాక, వేసిన వల గుర్తొచ్చి తన దారిన తాను వెళ్లిపోయాడు.

రక్షణ అధికారి మాస్టారు చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"నిజమే కావచ్చండి. కానీ కబురు అందిన తర్వాత పడవను రేవుకు చేర్చకుండా మేం వెళ్లకూడదు. అది రూలు."

రూలన్న మాట వినగానే మాస్టారి నోరు పడిపోయింది. సర్వీసంతా ఆయన ఆ ఒక్క మాటతోనే ఎందరి నోళ్లో మూయించారు. చూస్తుండగానే తాడు వచ్చి పడవ ముందుభాగానికి బిగుసుకుంది. ఇక రేపటి నుంచి పాలవ్యానే దిక్కు అనుకునేసరికి ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

సైరన్ మోతకు లేచి ఆవిడ బయటికొచ్చింది. తాడు చూసింది. భర్త చేతిలో తువ్వాలు చూసింది.

"జెండా ఊపారా?"

"చెయ్యి ఊరుకోలేదే."

"సరేలెండి. లంగరు తీశారా?"

మాస్టారు తీయలేదు. ఈలోగా రక్షణ పడవ జోరుగా ముందుకు దూకనే దూకింది. లంగరు పట్టుకుని ఉన్న పడవ కదల్లేదు. సాగిన తాడు రక్షణ పడవను వెనక్కి గుంజి, వదులై నీళ్లలో పడి, దాని ఇంజను రెక్కలకే గిరగిరా చుట్టుకుంది. ఇంజను ఒకసారి గుర్రుమని మూగబోయింది.

అధికారి చాలాసేపు తంటాలు పడ్డాడు. చివరికి తాడు కోసేసి, ఇంకో తాడు పట్టుకుని ఇటు తిరిగాడు.

"మాస్టారూ, మీ ఇంజను బాగానే ఉందన్నారు కదా. మమ్మల్ని కాస్త రేవు దాకా..."

"తప్పకుండా," అన్నారు మాస్టారు. "పడవను రేవుకు చేర్చాలనే కదా మీ రూలు. ఏ పడవనో అందులో ఉండి ఉండదు."

సాయంత్రం రేవులోకి ముందు మాస్టారి పడవ, వెనక తాడు, ఆ వెనక తలొంచుకున్న రక్షణ పడవ వచ్చాయి. గట్టు మీద జనం నవ్వారు గానీ, ఈసారి చూపులన్నీ వెనక పడవ మీదే ఉన్నాయి. ఆవిడ తలెత్తుకునే దిగింది.

"షరతు ప్రకారం మనల్ని ఎవరూ లాగలేదు," అన్నారు మాస్టారు బెరుగ్గా. "పడవ అమ్మవు కదా?"

ఆవిడ పచ్చగుడ్డనూ ఎర్ర తువ్వాలునూ మడిచి సంచి అడుక్కి తోసింది.

"పడవ పోతే మీరు రోజంతా ఇంట్లోనే ఉంటారు కదండీ. అంత ధైర్యం నాకెక్కడిది?"