ముడుపు కట్టిన రేజర్

నాకు గడ్డం ఎందుకు పెరిగిందో జనగామలో సగం మందికి తెలుసు. పేపర్లో కూడా పడింది. అసలు సంగతి వేరే ఉంది. అది నా ఒక్కడికే తెలుసనుకుని దాదాపు మూడేళ్లు కడుపులో దాచుకుని తిరిగాను. మీరు స్నేహితులు కాబట్టి చెబుతున్నాను, నవ్వుకుంటే నవ్వుకోండి.

రెండువేల పదకొండు సెప్టెంబర్. సకల జనుల సమ్మె మొదలైంది. నేను జనగామలో నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాను. ఆఫీసుకు తాళం పడింది. బస్సులు డిపో దాటలేదు. బడి గంట మోగలేదు. నేను గడ్డం గీయించుకునే సెలూన్ కూడా సమ్మెకు మద్దతుగా షట్టర్ దించింది. తెలంగాణ కోసం అందరూ ఏదో ఒక పని మానేశారు. నా గడ్డం మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

ఇంట్లో ఒక ప్లాస్టిక్ రేజర్ ఉండేది. అది గీకేది కాదు, వెంట్రుకలను ఒక్కొక్కటిగా పిలిచి పీకేది. సమ్మె నాలుగో రోజు పొద్దున నా మూలుగులు విని నా భార్య స్వరూప వంటింట్లోంచి వచ్చింది.

"ఏందయ్యా, కోడిని కోస్తున్నవా?"

"గడ్డం గీసుకుంటున్న."

"గట్ల ఏడ్సుకుంట గీసుకునుడెందుకు? ఒక మంచిది కొనుక్కోరాదు. జీతం రాదు గని, జర అగ్గువది సూడు. నేను బజారుకే పోతున్న, నేనే తేనా?"

అక్కడ నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"గాజులు కొన్నట్టు గాదే, రేజర్ కొనుడంటే. దానికో శాస్త్రముంటది. నువ్వు పోయి బతుకమ్మ సంగతి సూస్కో."

ఆమె నా ముఖం వంక ఓసారి చూసి, సంచీ తీసుకుని వెళ్లింది. పావుగంటలో తిరిగొచ్చింది కూడా.

శాస్త్రమని ఊరికే అనలేదు. మా ఊరు మొగుళ్లపల్లిలో మా బాపు పోశయ్య దగ్గర ఒక ఇత్తడి సేఫ్టీ రేజర్ ఉంది. రెండు వైపులా పదునున్న మామూలు బ్లేడు పెట్టుకునే రకం. తన పెళ్లికి ముందు కొన్నాడట. తర్వాత నేను పుట్టాను, చదివాను, నా జుట్టు కూడా నెరిసింది, అది మాత్రం అలాగే ఉంది. బ్లేడు మారిస్తే చాలు, మళ్లీ కొత్తదే. అలాంటిది చవకలో ఒకటి కొనేసి, ఇక చచ్చేదాకా రేజర్ల ఊసెత్తకుండా బతకాలని నా పథకం. సలహా కోసం బాపుకు ఫోన్ చేశాను.

"బరువున్నది సూసి కొను" అన్నాడు బాపు. "దాని బరువే గీకాలె. నువ్వు ఒత్తొద్దు. ఒత్తితే తెగుతది. గింతే. ఇగ పెట్టేయ్, నీళ్లు కట్టేది ఉంది."

గింతేతో తృప్తి పడే మనిషినా నేను? బంద్ లేని పూటల్లో స్టేషన్ రోడ్డు నుంచి చౌరస్తా దాకా ఒక్క దుకాణం వదల్లేదు. ఒకచోట కాడ తిప్పితే పైన తలుపుల్లా తెరుచుకునే రకం చూపించారు. తెరుచుకుంది గానీ ఒక తలుపు మళ్లీ మూసుకోలేదు. ఇంకోచోట అల్యూమినియంది. ఫ్యాను వేస్తే కదిలింది. మూడోచోట బరువైంది దొరికింది, ఎందుకైనా మంచిదని గోటితో గీరి చూశాను. పైపూత నా గోటిలోకి వచ్చింది. దుకాణదారు దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు.

అన్నిటికంటే పెద్ద పరీక్ష ఒకటుంది. బ్లేడు పెట్టి, వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూడాలి. అంచు రెండు పక్కలా సమానంగా బయటికి కనిపించాలి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే చెంపలు తెగుతాయి. నేను అలా ఒంటికన్నుతో చూస్తుంటే ఒక దుకాణదారు ఉండబట్టలేక అడిగాడు.

"అన్నా, గిది నీకా, కలెక్టర్‌కా?"

రోజూ మధ్యాహ్నం ఇంట్లో విచారణ జరిగేది.

"దొరికిందా?" అనేది స్వరూప.

"ఇయ్యాల్టిది తలకాయ మంచిగుంది, కాడ పొట్టిగుంది."

"నిన్నటిది?"

"కాడ మంచిగుంది, తలకాయ వంకరుంది."

"నన్ను గూడ గిట్లనే సూసినవా సంబంధమప్పుడు?"

"నిన్ను నేనెక్కడ సూసిన? మా బాపు సూసిండు."

"గందుకే మంచిగ కుదిరింది" అని ఆమె అన్నం గిన్నె నా ముందుకు నెట్టింది. తర్వాత నవ్వు ఆపి అంది, "చౌరస్తా కాడి టెంటుల మీ ఆఫీసోళ్లంత కూసున్నరు. ఆడోళ్లం మేం గూడ పోయి కూసుంటున్నం. అన్న కనవడ్తలేడని కొండల్ రోజు అడుగుతున్నడు."

"రేపు పోత."

"రేపు ఏ దుకాణం?"

నేను అన్నం కలుపుకున్నాను.

కొండల్ మా ఆఫీసులోనే చేస్తాడు. దీక్షా శిబిరానికి పెద్ద అతనే. చేతిలో మైకు లేని కొండల్‌ను అతని పెళ్లాం గుర్తు పట్టదని మా ఆఫీసులో అంటుంటారు. అందుకే అందరికీ మైకు కొండల్.

అలా పది రోజులు గడిచాయి. చివరికి నేను అడుగు పెట్టని దుకాణం ఒక్కటే మిగిలింది, బలరాం కంగన్ హాల్. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్లలు అమ్మే చోట మగవాళ్లకేం పని అని వెళ్లలేదు. వెళ్తే, ఓ మూల అద్దాల పెట్టెలో ఉంది. మూడు ముక్కలుగా విప్పి కడుక్కునే రకం. లోపల ఇత్తడి, పైన తళతళలాడే పూత. చేతిలో బరువు తెలుస్తోంది. గోటితో గీరాను, రాలేదు. వెలుతురుకు ఎత్తాను, రెండు పక్కలా సమానం. ధర నూటికి లోపే.

"రెండే తెచ్చిన అన్నా" అన్నాడు బలరాం. "ఒకటి పది రోజుల కిందనే పోయింది."

"కొన్నోడెవలో గని, తెలివిగల్లోడు" అన్నాను.

బలరాంకు ఎందుకో దగ్గొచ్చింది.

రేజర్ చొక్కా జేబులో వేసుకుని, గడ్డం గీసుకునే శుభముహూర్తం తలుచుకుంటూ చౌరస్తా దాటుతున్నాను. మైకులో నా పేరు వినబడింది.

"గదిగో! తెలంగాణ రాష్ట్రం వచ్చేదాక గడ్డం ముట్టనని మొక్కుకున్న మన వెంకట్రామన్న!"

టెంటులో ఉన్నవాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు. అది సరిగ్గా జేబులోని రేజర్ మీద పడి కూర్చుంది. పదిరోజుల గడ్డం చూసి కొండల్ పొరబడ్డాడనుకున్నాను. నిజం చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోటి ముందు మైకు పెట్టాడు. ఆ రోజుల్లో మైకు ముందు ఎవరికైనా ఒకే మాట వచ్చేది.

"జై తెలంగాణ!" అన్నాను.

మర్నాడు జిల్లా పేజీలో నా ఫొటో పడింది. స్వరూప దాన్ని కత్తిరించి బియ్యం డబ్బా మీద అంటించింది. ఇక రోజూ టెంటుకు వెళ్లక తప్పలేదు. దండ వేయించుకున్నవాడి కుర్చీ ఖాళీగా ఉంటే అందరికీ తెలుస్తుంది. కూర్చుని గోక్కునేవాణ్ని. నేను గోక్కున్నప్పుడల్లా కొండల్ మైకులో "గా గడ్డంల పౌరుషం సూడుండ్రి" అనేవాడు.

దసరా దాటాక తట్టుకోలేకపోయాను. ఈ మొక్కును కొట్టేయాలంటే ఇంతకంటే పాత మొక్కు కావాలి. ఆఫీసులో సీనియారిటీ ఉన్నట్టే మొక్కుల్లోనూ ఉంటుందని నా లెక్క. స్వరూపతో అన్నాను.

"నేను పుట్టినప్పుడు మా అవ్వ కురవి వీరభద్రస్వామికి మొక్కిందట. తలనీలాలు ఇయ్యాలె. గడ్డం గూడ దాంట్లనే పోతది. ఏం జేస్తం, దేవుని బాకీ."

"అయ్యో, తప్పక పోవాలె" అంది ఆమె. ఏ సందర్భంలోనూ నాతో అంత తొందరగా ఒప్పుకున్న మనిషి కాదు. నేను అనుమానించాల్సింది.

మర్నాడు తెల్లవారేసరికి ఇంటి ముందు డీసీఎం వ్యాను ఆగి ఉంది. దాని మీద గుడ్డ బ్యానర్: 'వెంకట్రాం గారి గడ్డం దీక్షకు కురవి స్వామి ఆశీస్సులు.' లోపల మా టెంటు మొత్తం ఉంది.

"వదిన సెప్పింది అన్నా" అన్నాడు కొండల్. "దీక్ష నిండాలని స్వామికి మొక్కెతందుకు పోతున్నవట. నిన్నొక్కన్ని ఎట్ల పంపుతం?"

స్వరూప వైపు చూశాను. ఆమె పులిహోర డబ్బా మూత బిగిస్తోంది.

దారి పొడుగునా నినాదాలు. నా తువ్వాల మడతలో సబ్బు పెట్టె, అందులో రేజర్. మంగలివాళ్లు సమ్మెలో ఉంటే సొంతంగానైనా పని కానిచ్చేయాలని నా జాగ్రత్త. కురవి చేరాక గుడి బయటి నల్లాల దగ్గర స్నానానికి దిగి, అలవాటు కొద్దీ తువ్వాల దులిపాను. సబ్బు పెట్టె ఎగిరి, మూత ఊడి, రేజర్ బండ మీద ఖంగుమని పడింది. బాపు బరువున్నది కొనమన్నాడు కదా, గుడి దాకా వినబడింది.

అందరూ రేజర్‌నూ నన్నూ మార్చి మార్చి చూశారు. కొండల్ మొదటిసారి మైకు కిందికి దించాడు. భూమి చీలితే బాగుండుననిపించింది.

స్వరూప వంగి దాన్ని తీసింది. కొంగుతో తుడిచింది.

"స్వామి పాదాల కాడ పెట్టి ముడుపు కట్టెతందుకు తెచ్చిండు" అంది అందరితో. "రాష్ట్రం వచ్చినంక దీనితోనే తీస్తడట."

"జై తెలంగాణ!" అని కొండల్ అరిచిన అరుపుకు పావురాలు లేచాయి. పూజారి రేజర్‌ను పళ్లెంలో తీసుకువెళ్లి స్వామి పాదాల దగ్గర పెట్టాడు. కోరమీసాల దేవుడు. ఆ మీసాల ముందు గడ్డం తీసేద్దామని నాకెలా బుద్ధి పుట్టిందో ఇప్పటికీ తెలియదు.

బయట మెట్ల మీద కూలబడ్డాను. ఇక దాచడం నావల్ల కాదు, అందరి ముందూ నిజం చెప్పేద్దామనుకున్నాను. అప్పుడు యాకవ్వ వచ్చి పక్కన కూర్చుంది. యాకమ్మ ఆమె పేరు, టెంటుకు రోజూ కుండతో మజ్జిగ తెచ్చే ముసలామె. చేయి చాచి నా గడ్డం పట్టుకుంది.

"నా మనుమడు పోయినేడు పోయిండు కొడుకా, రాష్ట్రం కోసమనే. వానికి గడ్డం గూడ సక్కగ రాలే. ఉన్నయో లేవో నాలుగెంటికలు, అద్దం ముంగట నిలవడి గీకుతుండె. నీ గడ్డం సూస్తె పానం నిమ్మలమైతది. ఎవలో ఒకలు యాదికుంచుకున్నరనిపిస్తది."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు. ఊరి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే నేను కాడలు కొలుస్తూ తిరిగాను. నిజం చెప్పలేకపోయాను. ఆమె చేయి గడ్డం మీద ఉండగా ఎలా చెప్పను? కళ్లెత్తితే ఎదురుగా స్వరూప నిలబడి నన్నే చూస్తోంది.

ఆ తర్వాత గడ్డం దురద పెట్టలేదని చెప్పను, పెట్టింది. తీయాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఇంటికి వచ్చాక స్వరూప రేజర్‌ను పసుపు బట్టలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది. మూట కొంచెం లావుగా కనిపించింది. అడిగితే "బట్ట మందం" అంది.

సమ్మె ఆగింది. ఆఫీసు తెరిచారు. గడ్డం బొడ్డు దారి పట్టింది. కొత్తగా వచ్చిన అధికారి నన్ను చూసి లేచి నమస్కారం పెట్టి, ఏ ఆశ్రమం అని అడిగాడు. రెండువేల పద్నాలుగు ఫిబ్రవరిలో ఢిల్లీలో బిల్లు పాసైందని టీవీలో చెప్పగానే నేను దేవుడి గూటి దగ్గరికి పరుగెత్తాను. స్వరూప అడ్డం నిలబడింది.

"పాసైంది బిల్లు. రాష్ట్రం జూన్ రెండున వస్తది."

"మూడున్నర నెలలే!"

"మూడేండ్లు ఆగినోనివి."

జూన్ రెండు పొద్దున కొండల్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. యాకవ్వ వచ్చింది. వీధిలో ఒకటే టపాకాయలు. నేను స్నానం చేసి, పీట మీద కూర్చుని, ముడుపు విప్పాను.

రెండు రేజర్లు బయటపడ్డాయి.

ఒకటే రకం. ఒకటే కాడ. ఒకటే తళుకు.

"గిదేందే?" అన్నాను.

"ఒకటి నువ్వు పది దినాలు తిరిగి కొన్నది" అంది స్వరూప. "ఇంకోటి నేను పావుగంటల కొన్నది. బలరాం దగ్గర్నే. గాజులు కొనుక్కుంట కొన్న."

కొండల్ నోట్లో లడ్డూ అడ్డం పడింది.

"గడ్డం మొక్కని కొండల్‌కు సెప్పింది గూడ నేనే. ఊరంత రోడ్డు మీద కూసుంటె, నా మొగడు దుకాణాలెంబడి తిరుగుతుంటె నాకు తలకొట్టేసినట్టయింది. గట్లనన్న వచ్చి కూసుంటడనుకున్న."

"మరి మూడేండ్ల సంది సెప్పవైతివి?"

"కురవిల అవ్వ నీ గడ్డం వట్టుకున్నప్పుడు నీ కండ్లు సూసిన" అంది. "ఇగ సెప్పేదేముందనుకున్న."

నేను యాకవ్వ వైపు తిరిగాను. తలెత్తలేకపోయాను.

"అవ్వా, మాఫ్ చెయ్యి. మొదట పెరిగింది తెలంగాణ కోసం గాదు. ఏ రేజర్ కొనాల్నో తేలక పెరిగింది."

యాకవ్వ బోసినోటితో నవ్వింది. "గది పది దినాల సంగతి గదా కొడుకా. తక్కిన మూడేండ్లు ఎవల కోసం పెంచినవ్?"

స్వరూప అద్దం తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, మూడేళ్లుగా ఇంట్లో గడ్డం సబ్బు లేదు.

"నువ్వు తెస్తవా, నేనే పోవాల్నా?" అంది.

"నువ్వే పో" అన్నాను.

పావుగంటలో తెచ్చింది. కొండల్ కత్తెరతో గడ్డం పొట్టి చేశాడు. నేను కొన్నదో, ఆమె కొన్నదో, చేతికొచ్చిన రేజర్ తీసుకున్నాను. బాపు చెప్పినట్టు ఒత్తలేదు, దాని బరువే గీకింది. ముఖం తుడుచుకుని తిరిగేసరికి యాకవ్వ దగ్గరికి వచ్చింది. నున్నటి చెంప మీద చేయి వేసింది. వేసిన చేయి చాలాసేపటి దాకా తీయలేదు. నేను కదలకుండా కూర్చున్నాను.